సీటు కింద ఎర్ర వైరు

మొన్న దర్శి దగ్గర ఒక రైతు కొనుక్కున్న పాత లోడరు బాగుచేయడానికి వెళ్ళి, సీటు పైకెత్తి చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. కింద స్విచ్చు ఉండాల్సినచోట రెండు తీగలను కలిపేస్తూ బెత్తెడు ఎర్ర వైరు, దాని మీద నల్ల టేపు. ఎంత శ్రద్ధగా చుట్టారంటే, చుట్టినవాడు దాన్ని మరమ్మతు అనుకునే చుట్టాడని తెలిసిపోతోంది. "దాన్ని కదిలించకండి, దాంతోనే నడుస్తోంది," అని ఆ రైతు వెనకనుంచి అంటూనే ఉన్నాడు. నేను కత్తిరించేశాను.

నాలాగే పాలిటెక్నిక్ చదివి, మల్టీమీటరు చేతికి రాగానే లోకంలో ప్రతి జబ్బుకూ ఒక పరీక్ష ఉంటుందని నమ్మినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. ఎనిమిదేళ్ళ కిందట నల్లపాడు అవతల పత్తి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లులో మా మేనమామ చేతికింద మెకానిక్కుగా చేరిన రోజుల్లో నా జేబులో ఎప్పుడూ ఒక నోటు పుస్తకం ఉండేది. ఏ బండి ఆగినా వరుసగా అంకెలు వేసి, ఒక్కొక్కటీ చూసి, పక్కన టిక్కు పెట్టేవాణ్ణి. ఆ టిక్కులంటే నాకు ఎంత గర్వమో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మిల్లు యార్డులో పత్తి గుట్టలను నెట్టడానికి ఒక చిన్న లోడరు ఉండేది. ఉన్నచోటే గిర్రున తిరిగే రకం. దాన్లోకి పక్కనుంచి కాదు, ముందునుంచి, బకెట్టు మీదుగా ఎక్కాలి. ఎక్కి రెండు ఇనప చేతుల మధ్య కూర్చోవాలి. సీటు మీద మనిషి కూర్చుంటేనే కింది స్విచ్చు నొక్కుకుని హైడ్రాలిక్ వాల్వుకు కరెంటు వెళ్తుంది. మనిషి లేచాడంటే చేతులు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. అంత చిన్న ఏర్పాటు మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది.

దాన్ని నడిపే ఆయన్ను మిల్లంతా బాబాయ్ అనేది. గింజ తీయని పత్తిని కుడిచేతి వేళ్ళ మధ్య ఒక్కసారి సాగదీసి, పింజ పొడవెంతో, ఎన్నో తీతలోదో, అది నల్లరేగడిలో పండిందో కాదో చెప్పేసేవాడు. కొనే ముందు ఓనరు గారు కూడా ఆయన్ను పిలిచి ఆ వేళ్ళవంకే చూసేవారు. నేను పుస్తకం తీయగానే, "ఏరా అబ్బాయ్, బండికి జాతకం రాస్తున్నావా? పెళ్ళెప్పుడంటా?" అని నవ్వేవాడు.

సీజను జోరుమీద ఉండగా ఒక ఉదయం లోడరు చేతులు లేవడం మానేశాయి. పంపు పోయిందన్నాడు మామయ్య. నేను ఒప్పుకోక వరుస మొదలుపెట్టాను. ఆయిలు మట్టం సరిగ్గా ఉంది, ఫిల్టరు శుభ్రంగా ఉంది, గొట్టాల్లో కారుడు లేదు, బ్యాటరీ బాగుంది, ఫ్యూజులు బాగున్నాయి, వాల్వు కాయిలూ బాగుంది. కాని దాని దాకా కరెంటు రావడం లేదు. తీగ పట్టుకుని వెనక్కి వెళ్తే సీటు స్విచ్చు తేలింది. బాబాయిని కూర్చోబెట్టి మీటరు పెడితే అది పలకలేదు. ‘సీటు స్విచ్చు: పోయింది’ అని రాసి టిక్కు పెట్టాను. కొత్తది విజయవాడ నుంచి రావడానికి రెండు రోజులు పడుతుంది.

"ఒరేయ్, రాసింది చాల్లే. ట్రాక్టర్లు రోడ్డు దాకా ఆగున్నాయి. డైరెక్ట్ ఇచ్చెయ్," అన్నాడు మామయ్య. డైరెక్ట్ అంటే స్విచ్చును పక్కనపెట్టి వైరుతో కలిపేయడం. మన వైపు వర్కుషాపుల్లో అదొక విద్య, తెలిసినవాడికి మర్యాద. ఆ వైరు కలిపింది నా చేతులే. బండి లేచింది, ఓనరు గారు భుజం తట్టారు. కొత్త స్విచ్చు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, చేతుల కీలు దగ్గర తడిపత్తి ఇరుక్కుంటే, దాన్ని లాగడానికి బాబాయ్ ఇంజను ఆపకుండానే లేచి ముందుకు వంగాడు. ఏళ్ళ తరబడి అలాగే లేచేవాడు, ప్రతిసారీ బండి తనంతట తాను బిగుసుకునేది. ఆ రోజు కాలు చేతులను దించే పెడలు మీద పడింది, పైన ఉన్న ఇనప చెయ్యి కిందికి వచ్చింది. ఆయన కుడిచెయ్యి మధ్యలో ఉంది.

డైరెక్ట్ ఇచ్చామని మేమెవరమూ ఆయనకు ఒక్క ముక్క చెప్పలేదు.

ఆస్పత్రికి తీసుకెళ్ళిన ఆటో గేటు దాటిందో లేదో, మామయ్య ఆ వైరు పీకి నా చొక్కా జేబులో కుక్కాడు. "నోరు మూసుకుని పాత స్విచ్చే తగిలించు," అన్నాడు. తగిలించబోతూ సీటు విప్పి, బొటనవేలితో నొక్కి చూశాను. మీటరు కుయ్యిమంది. స్విచ్చు నిక్షేపంలా ఉంది. మరి లోపం ఎక్కడ అని సీటు తిప్పితే, అడుగున చినిగినచోట గుప్పెళ్ళకొద్దీ కొత్త దూది. నడుం నొప్పి పుడుతోందని బాబాయ్ కూరుకున్నాడు. దూది మిల్లులో కుర్చీకీ దిండుకీ అందరూ చేసే పనే. ఆ దూది ఉబ్బి, సీటును ఎత్తిపట్టి, ఆయన బరువును స్విచ్చుకు తగలనివ్వలేదు. నాలుగు గుప్పెళ్ళు తీసేస్తే అయిపోయే పని. అన్ని అంకెలు వేసిన నేను సీటు తిప్పి దాని అడుగు చూడాలన్న అంకె వేయలేదు.

ప్రమాదం పుస్తకంలో ‘డ్రైవరు అజాగ్రత్త’ అని రాశారు. కింద సాక్షిగా నా సంతకం ఉంది. మామయ్య మీద, ఓనరు గారి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ సంతకం చేసిన ఇరవై రెండేళ్ళవాడి మీద ఇంకా ఎక్కువ.

ఇప్పుడు బండ్లు మారాయి. తమ జబ్బు తామే తెర మీద అంకెల్లో చెబుతున్నాయి, నోటు పుస్తకాల అవసరమే లేదు. ఆ తెరను నమ్మించడానికి మాత్రం అదే ఎర్ర వైరు. దర్శిలో ఆ రైతు, "పనిచేసేదాన్ని చెడగొట్టడానికా నిన్ను పిలిచింది?" అని కేకలేస్తుంటే, నేను స్విచ్చు మార్చి, బండి నడిపే మనిషిని పిలిచి, కూర్చోమని, లేవమని, మూడుసార్లు చేయించాను. లేచిన ప్రతిసారీ చేతులు బిగుసుకోవడం చూపించాను. వాడు నవ్వాడు, పిచ్చివాణ్ణనుకుని ఉంటాడు.

తిరిగొస్తూ నల్లపాడులో ఆగాను. బాబాయ్ ఇప్పుడు ఆ మిల్లుకే గేటు కాపలా. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవు. లోపలికి వెళ్తున్న ట్రాక్టరు నుంచి రాలిన పత్తిని ఎడమచేత్తో తీసి, సాగదీసి, కాసేపు చూసి పారేశాడు. "ఎడం చేతికి పత్తి సంగతి తెలియట్లేదురా అబ్బాయ్," అని నవ్వాడు. వైరు సంగతి చెప్పాలనే వెళ్ళాను. ఆయన నాకు టీ చెప్పాడు. తాగి వచ్చేశాను.