ఒక్క మేకూ లేని చర్చి

జర్మనీలోని జీగెన్‌లో మేమున్నప్పుడు, ఇంటికి దగ్గర్లో దుంగలతో కట్టిన చిన్న చర్చి ఉండేది. యుద్ధం తర్వాత తూర్పు నుంచి వచ్చి స్థిరపడ్డ జర్మన్లు కట్టుకున్నది. దాని తాళంచెవి ఎనభై దాటిన ఓ పెద్దాయన దగ్గరుండేది. మా అమ్మాయి ఆయన్ని ఓపా అనేది, అంటే తాత. ఎవరొచ్చినా ఆయన ముందుగా టోపీ తీసి గోడకు తగిలించేవాడు, అదీ తన నడుమెత్తులో. తర్వాత గుండె మీద చెయ్యేసుకుని, "ఒక్క మేకు కూడా కొట్టకుండా కట్టాడు మా నాన్న" అనేవాడు.

ఓ ఆదివారం, చూడ్డానికొచ్చిన పదిమంది ముందు, ఐదేళ్ళ మా పిల్ల గట్టిగా అడిగేసింది.

"మరి టోపీ దేనికి వేలాడుతోంది ఓపా?"

ఇక మమ్మల్ని గడప తొక్కనివ్వడనుకున్నాను. ఆ ఊళ్ళో దానికున్న తాత ఆయనొక్కడే.

ఆయనకు పెద్ద దగ్గు వచ్చింది. అందరూ వెళ్ళిపోయేదాకా తగ్గలేదు. తర్వాత మా పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని టోపీ తీశాడు. కింద తుప్పుపట్టిన మేకు.

"నేనే కొట్టాను, నీ అంత ఉన్నప్పుడు. మా నాన్నకి ఇప్పటికీ తెలీదు. చెప్పకు," అంటూ పైకప్పు కేసి చూపించాడు.

మరుసటి వారం టోపీ మర్చిపోయి వచ్చాడు. అప్పటికే జనం లోపలికొచ్చేశారు. ఇంట్లో ఒక్క రహస్యమూ దాచలేని మా పిల్ల చకచకా వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడింది. మేకు సరిగ్గా దాని తల వెనక్కి వచ్చింది.

ఓపా గుండె మీద చెయ్యేసుకున్నాడు. "ఒక్క మేకు కూడా..."

నేనూ బుద్ధిగా తలూపాను.