లవంగాలు తగ్గించమన్న పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని ఆమె కూతురు పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేసింది. అప్పటికే మా బ్రూవరీలో పెద్ద గిన్నె మరుగుతోంది. మధ్యలో ఆపితే సరుకంతా పాడవుతుంది. "వస్తానమ్మా" అన్నాను. పని ముగించి వాళ్లుండే ఖాజాగూడ చేరేసరికి అంతా అయిపోయింది. వాళ్ల గుమ్మం ముందు కూలబడ్డాను. ఆ అలసట ఇంకా తీరలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. ఐటీ ఆఫీసుల మధ్య నేను బీరు తయారుచేసే చోట గిన్నెలు, ట్యాంకులు కడిగేది. కల్లుగీసే ఇంట్లో పుట్టింది. వాళ్ల నాయన ఎక్కిన తాటిచెట్ల చోట ఇప్పుడు టవర్లున్నాయి. మా చలికాలపు బీరు మీలో కొందరు తాగే ఉంటారు. ఆమెను మాత్రం చూసి ఉండరు.

మొదటి ఏడు ఆ బీరులో బెల్లం, దాల్చినచెక్క, శొంఠి, లవంగాలు వేసి ఘాటుగా పెట్టబోయాను. కడుగుతున్న గిన్నె వదిలి ఆమె తలెత్తింది.

"గిన్ని లవంగాలేంది సారూ? పంటినొప్పికి మందు చేస్తున్నవా?"

"కొలత ప్రకారమేనండీ."

"కొలత కాయితానికి. ముక్కుకు కాదు."

నేను వినలేదు. ఆరు వారాలాగి గ్లాసులో పోస్తే అచ్చం పళ్ల డాక్టరు గది వాసన. ట్యాంకంతా మోరీలో పోశాం. ఓనరు అరిచి వెళ్లాక ఆమె అక్కడ నీళ్లు కొడుతూ, "ఇగ ఫికర్ చెయ్యకు బిడ్డా. మా నాయన కల్లు సుత పులిసిపోతుండె" అంది. నేను సారు నుంచి బిడ్డనయింది ఆ రోజే.

తర్వాత ప్రతి ఏడూ మసాలా ఆమే దంచింది. ఒక్కో లవంగాన్నీ గోటితో గిచ్చి, నూనె ఊరనిది పక్కన పడేసేది. మోకాళ్లు పట్టేసినా కింద కూర్చునే దంచేది. మామూలు బీరు ఆమె లెక్కలో చేదునీళ్లు. ఇదొక్కటి మాత్రం స్టీలు గ్లాసులో రెండు గుటకలు తాగి, కళ్లు మూసుకుని, "ఛాతిల పొయ్యి ముట్టిచ్చినట్టున్నది" అనేది. ఆ మాట విన్నాకే నేను కస్టమర్లకు పోసేవాణ్ణి.

పోయిన ఏడాది దగ్గు పట్టుకుని పనికి రాలేకపోయింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చిందని తెలిసి మసాలా పొట్లం పట్టుకెళ్లాను. ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు గట్టిగా పీల్చింది.

"వాసన వస్తలేదు బిడ్డా."

"మీరు చెప్పకపోతే నాకు భయమండీ."

"భయముంటే తక్కువ ఏస్తవు. మంచిదే" అంటూ పొట్లం మడిచి నా చేతిలో పెట్టింది.

ఆ ఏడు బీరు కుదిరింది. ఆమెకని ఒక సీసా తీసిపెట్టాను. ఖాజాగూడ మాకు కూతవేటు దూరం. అయినా రేపు, ఎల్లుండి అనుకుంటూ ఏడాది గడిపేశాను.

మూడోరోజు గుట్ట పక్కన పిట్టకు పెట్టారు; కాకి ముడితే పోయినవాళ్లకు అందినట్టు. విస్తరిలో అన్నం, మటన్, చిన్న ముంతలో కల్లు. ఆ సీసా తీసి, "పొయ్యనా అమ్మా?" అని కూతుర్ని అడిగాను.

"పొయ్యి సారూ. పోయిన వారం సుత అడిగింది, ఇంక తెస్తలేడేంది అని."

ఆకు దొప్పలో పోశాను. కాకులు చాలాసేపు రాలేదు. ఎండలో అందరం నిలబడ్డాం. చివరికి రాళ్ల మీంచి ఒకటి దిగింది. అన్నం ముట్టలేదు. దొప్పలో ముక్కు ముంచి, తల విదిలించి, మళ్లీ ముంచింది.