శక్తివంచన లేకుండా పాడిన పాట

మా ఊళ్లో ఎవరైనా నన్ను ఆపి "ఫోల్క్‌మార్ గారూ, మీరు చాలా మంచివారు" అంటే, ఎక్కడ తప్పు చేశానా అని వెతుక్కుంటాను. ముప్పై ఒక్క ఏళ్లుగా సర్వీసు సర్టిఫికెట్లు రాస్తున్నవాడికి ఇంతకంటే మంచి బుద్ధి ఎలా వస్తుంది?

జర్మనీలో హార్ట్స్ కొండల అంచున మా ఊరు. ఊరికంతా ఒకటే పెద్ద ఫ్యాక్టరీ, అందులో తలుపు పిడులు తయారవుతాయి. నేనక్కడ సిబ్బంది విభాగంలో గుమాస్తాను. ఉద్యోగం మానేసి వెళ్లే ప్రతివారికీ సర్టిఫికెట్ రాసివ్వడం నా పని. మా దేశంలో ఆ కాగితం మీద చెడు రాయకూడదు, చట్టం ఒప్పుకోదు. అబద్ధం కూడా రాయకూడదు, అదీ ఒప్పుకోదు. ఈ రెండింటి మధ్య ఇరుక్కుని మావాళ్లు ఒక భాష కనిపెట్టారు. "శక్తివంచన లేకుండా కృషి చేశారు" అంటే వాడికి ఏ పనీ చేతకాలేదని. "సహోద్యోగులతో కలుపుగోలుగా ఉండేవారు" అంటే తాగుతాడని. "సమయానికి వచ్చేవారు" అని రాసి ఊరుకుంటే, వచ్చాక చేసిందేమీ లేదని. "సంతృప్తి కలిగించారు" అంటే నాలుగో గ్రేడు, గట్టెక్కాడన్నమాట. "సంపూర్ణ సంతృప్తి" అంటే మూడు. దాని ముందు "సదా" చేరిస్తే రెండు. ఒకటో గ్రేడు ఇవ్వాలంటే "సదా అత్యంత సంపూర్ణ సంతృప్తి" అని రాయాలి. సంపూర్ణానికి మళ్లీ అత్యంత ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ అడిగినవాడికి జన్మలో ఒకటో గ్రేడు రాలేదని అర్థం.

ఈ భాష ఇంటికొచ్చినా వదలదు. మా పాతికేళ్ల పెళ్లిరోజు విందులో నేను గ్లాసు పట్టుకుని లేచి, నా భార్య హైడ్రున్ ఇన్నేళ్లూ వంటింట్లో శక్తివంచన లేకుండా కృషి చేసిందని చెప్పాను. నిజంగా మెచ్చుకుందామనే చెప్పాను. ఆ వారమంతా సోఫా మీద పడుకున్నాను.

ఇక పాటల సంగతి. ఏటా మే నెలలో యూరప్ దేశాలన్నీ తలా ఒక పాట పట్టుకుని పోటీకి వెళ్తాయి. మేమూ వెళ్తాం. అందరికంటే ముందే రిహార్సల్‌కి చేరుకుంటాం, ఇచ్చిన మూడు నిమిషాల్లో ఒక్క సెకను కూడా దాటం, ఆ తర్వాత చాలాసార్లు పట్టికలో అట్టడుగున కూర్చుంటాం. ఇరవై రెండేళ్ల కిందట అలా కూర్చున్న మర్నాడు కడుపు మండి, ఆ ఏటి మా పాటకి ఒక సర్వీసు సర్టిఫికెట్ రాశాను. "ఈ పాట తనకు అప్పగించిన పొగ యంత్రంతో ఎంతో సఖ్యంగా మెలిగింది. గాయకుడి చొక్కా గుండీలు చివరిదాకా నిలిచాయి. ఇకముందు వేరే ఏ రంగంలోనైనా ఈ పాట రాణించాలని కోరుకుంటున్నాం." మా ఊళ్లో ప్రతి గుమ్మంలోనూ ఉచితంగా పడేసిపోయే వారపత్రిక ఒకటుంది. దాని ఎడిటర్ ఎకార్ట్ శుక్రవారాలు నాతో పేకాడతాడు. కాగితం చదివి కళ్లు తుడుచుకుంటూ, "ఇది నేను వేసేస్తున్నాన్రా" అన్నాడు. వేశాడు. అప్పట్నుంచి ప్రతి ఏడాదీ, పోటీకి వారం ముందు, జర్మనీ పాట మీద సమీక్ష నాదే.

నాకు సంగీతంలో ఉన్న అర్హత కూడా చెప్పాలి. చర్చి బృందంలో నాలుగు నెలలు పాడాను. ఆ తర్వాత బృందం నడిపే ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "కుర్చీలు సర్దడంలో మీరు చూపిన శ్రద్ధ మేం మర్చిపోలేమండీ" అంది. నేను ఇంటికొచ్చేశాను. భాష నాదే కదా, అర్థం కాకపోవడానికేముంది.

సమీక్ష మాత్రం ఊరికి పండగైపోయింది. మంగలి షాపులో ఒకడు పైకి చదివేవాడు, మిగతావాళ్లు వరస వరసకీ గ్రేడు చెప్పేవారు. వీధిలో నడుస్తుంటే నాకు నాలుగు సెంటీమీటర్ల పొడుగు పెరిగినట్టుండేది. ఏడాదంతా టీవీ ముందూ తలుపు పిడుల మధ్యా గడిపే మనిషికి అది చాలా ఎత్తు.

ఈ ఏడాది దేశమంతా ఓట్లేసి పోటీకి పంపింది మా ఊరి అమ్మాయిని. పేరు ఆల్ముట్, ముప్పై నాలుగేళ్లు. మా ఫ్యాక్టరీలోనే ప్యాకింగ్ విభాగంలో ఏడేళ్లు చేసి, మూడేళ్ల కిందట మానేసింది. వాళ్లమ్మ రోస్విత మార్కెట్ వీధిలో బేకరీ నడుపుతుంది. రోజూ పొద్దున నేను రొట్టెలు కొనేది అక్కడే.

ఎకార్ట్ పాట వీడియో పంపితే మధ్యాహ్నం భోజనం వేళ ఫ్యాక్టరీ బయట కారులో కూర్చుని పెట్టుకున్నాను. ఒళ్లో కాగితం, చేతిలో పెన్ను, నోట్లో వెక్కిరింత సిద్ధం. ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడి తలుపు పిడుల్ని ఒక్కొక్కటే కాగితంలో చుడుతూ, ఇది ఎవరి తలుపుకి వెళ్తుందో, ఏ చెయ్యి దీన్ని పట్టుకుంటుందో అనుకునే ఒక మనిషి పాట అది. పొగ లేదు, మంటలు లేవు. పాట అయిపోయింది. మళ్లీ పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్లు ఆ పిడుల మీద తిండి తిన్నాను. పిడి చివరికి ఒక తలుపుకి వెళ్తుందని, ఆ తలుపు వెనకాల మనుషులుంటారని నాకు ఒక్కనాడూ తోచలేదు. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. సెక్యూరిటీ అతను అద్దం తట్టి, ఒంట్లో బాలేదా అని అడిగితే, జలుబని చెప్పాను.

మూడు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. మూడోరోజు సాయంత్రం హైడ్రున్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏంటి, గోళ్లన్నీ అయిపోయేలా ఉన్నాయి?"

"పాట బాగుంది."

"అయితే బాగుందని రాయి."

"అలా రాస్తే నాలుగో గ్రేడనుకుంటారు."

"చాలా బాగుందని రాయి."

"అది ఐదు."

హైడ్రున్ నా చేతిలోంచి పెన్ను లాక్కుంది. "ఇరవై రెండేళ్లు కూర్చుని మంచి మాటలన్నిటినీ తిట్లు చేసి పెట్టావు. ఇప్పుడు నీకే ఒకటి కావాల్సొస్తే ఇంట్లో లేదు. అనుభవించు."

చివరికి నా దగ్గరున్న అన్నిటికంటే పెద్ద మాట తీశాను. "ఈ పాట సదా అత్యంత సంపూర్ణ సంతృప్తి కలిగించింది. ఇంతకు మించి నాకు మాటలు లేవు." అంతే రాశాను. వెటకారం చుక్క కూడా కలపలేదు.

పత్రిక వచ్చిన పూటే ఎకార్ట్ ఫోన్ చేశాడు. నవ్వలేక ఆయాసపడుతున్నాడు. "ఏం దెబ్బ కొట్టావురా. ఇంతకు మించి మాటలు లేవట. నేను కుర్చీలోంచి పడ్డాను." నేను నిజంగానే రాశానని చెప్పాను. "ఆపరా బాబూ, పొట్ట నొప్పెడుతోంది" అని పెట్టేశాడు. మంగలి షాపులో దాన్ని అద్దం మీద అంటించారు. నేను రాసినవాటిలో ఇదే గొప్పదని తీర్మానం చేశారు. ఎవరో దాన్ని ఫోటో తీసి ఆల్ముట్‌కి కూడా పంపారు. పోటీ జరిగే ఊరికి ఆమె అప్పటికే చేరుకుంది.

మర్నాడు పొద్దున బేకరీకి వెళ్తే రోస్విత నా మొహం కూడా చూడలేదు.

"రొట్టెలు అయిపోయాయి."

ఆమె వెనకాల బుట్ట నిండా ఉన్నాయి. ఇంకా ఆవిరి వస్తోంది.

"మరి అవి?"

"అవి మనుషులకి."

"రోస్వితా, ఒట్టు, నేను మనస్ఫూర్తిగా రాశాను."

"నీ మనస్ఫూర్తి ఏంటో ఊరంతా అద్దానికి అంటించుకుంది కదయ్యా. నా కూతురు శనివారం స్టేజి ఎక్కాలి. హోటల్ గదిలో కూర్చుని, ఊళ్లో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారా అమ్మా అని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?" అని నా వెనకున్నావిణ్ని, "మీకేం కావాలమ్మా?" అని అడిగింది.

ఆ మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది. ఆల్ముటే.

"సార్, ఒక్కటే అడుగుతాను. నా పాటకి ఏ గ్రేడు?"

"ఒకటి."

"నేను ఫ్యాక్టరీ మానేసినప్పుడు మీరు రాసిచ్చిన సర్టిఫికెట్‌లో 'సంపూర్ణ సంతృప్తి' అనుంది. 'సదా' లేదు. ఏడేళ్లు ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు నేను. దాన్ని పట్టుకుని పదకొండు చోట్లకి వెళ్లాను. ప్రతిచోటా ఆ లైను దగ్గరే వాళ్ల చూపు ఆగిపోయేది. ఉద్యోగం దొరక్కే పాటలు రాసుకుని పాడటం మొదలుపెట్టాను. ఒక్క 'సదా' కూడా రాయలేని చెయ్యి ఇప్పుడు 'అత్యంత' కూడా రాసిందంటే నమ్మమంటారా? ఉంటాను సార్, రిహార్సల్ ఉంది."

బీరువా తెరిచి ఆమె ఫైలు తీశాను. నిజమే, "సదా" లేదు. ఆమె మీద నాకు కోపం లేదు, ఆమె పనిలో లోపం లేదు. తారీఖు చూస్తే శుక్రవారం. మధ్యాహ్నం రెండింటికి ఇంటికి పోయే హడావుడిలో ఆ మాట నా చేతిలోంచి జారిపోయింది. దేశానికి ఒక గాయనిని ఇచ్చిన ఘనత నాదేనని నవ్వుకుందామని చూశాను. నవ్వు రాలేదు, సిగ్గేసింది. వెంటనే పాత తారీఖుతో కొత్త సర్టిఫికెట్ టైపు చేయడం మొదలుపెట్టాను. సగంలో ఆగాను. యూరప్ ఖండమంతటి ఎదుట పాడబోతున్న మనిషికి నేను పంపగలిగింది స్టాంపు వేసిన కాగితమా?

శనివారం ఊరంతా అగ్నిమాపక కేంద్రం హాల్లో చేరింది. పెద్ద తెర, బీరు, బంగాళాదుంప సలాడ్. ఆల్ముట్ బాగా పాడింది. మొదటి చరణం దగ్గర గొంతు కొంచెం వణికింది. ఓట్లు లెక్కపెట్టడం అయ్యేసరికి మేం ఆఖరున ఉన్నాం. అందరూ నావైపు తిరిగారు.

"ఫోల్క్‌మార్, లేరా. ఒక సర్టిఫికెట్ చదువు" అన్నాడు ఎకార్ట్.

లేచాను. "నాకు ఈ పాట నచ్చింది" అన్నాను.

హాలు గొల్లుమంది. "మొహం చూడండ్రా, ఎలా పెట్టాడో" అని ఎకార్ట్ బల్ల గుద్దాడు. నిజంగా నచ్చింది అన్నాను. ఇంకా నవ్వారు. కారులో ఏడ్చానని చెప్పాను. ఒకావిడకి బీరు పొలమారింది. మూల బల్ల దగ్గర రోస్విత లేచి కోటు వేసుకుని వెళ్లిపోయింది. ఇంత బాగా నవ్వించగలవాణ్ని ఊళ్లో ఇంకొకణ్ని నేను చూడలేదు. ఆ రోజు నన్ను నేనే తన్నుకోవాలనిపించింది.

గురువారం పొద్దున బేకరీలో కౌంటర్ వెనకాల ఆల్ముట్ ఉంది. ఏప్రన్ కట్టుకుని, పటకారుతో రొట్టెలు సంచుల్లో వేస్తోంది. క్యూలో ఎనిమిదిమందిమి. అందరూ నేల చూపులే. ఎవరూ పాట మాటెత్తలేదు, రొట్టెల లెక్క మాత్రం ఎప్పుడూ లేనంత మర్యాదగా చెప్తున్నారు. నా వంతు వచ్చింది.

"ఏం కావాలి సార్?"

"ఆ 'సదా' నా తప్పు. కారణమేమీ లేదు. మర్చిపోయాను. క్షమించు."

ఆమె ఖాళీ సంచి అందుకుంది. "సరే. రొట్టెలెన్ని?"

"పాట గురించి..."

"వద్దు సార్. మీరన్నదాంట్లో ఏది మంచో ఏది చెడో తేల్చుకునే ఓపిక నాకిప్పుడు లేదు."

ఆమె అన్నది సబబే. నా దగ్గర ఆమెకివ్వగలిగిన మాట ఒక్కటీ మిగల్లేదు. అందుకని కౌంటర్ అంచు పట్టుకుని, కళ్లు మూసుకుని ఆమె మాటలే అందుకున్నాను. పల్లవి కాదు. పల్లవిని అప్పటికి ఊళ్లో అందరూ ఎగతాళిగా కూనిరాగం తీస్తున్నారు. ఎవరికీ గుర్తులేని రెండో చరణం పాడాను.

"ఎవరో రాత్రి షిఫ్టు దిగి వస్తారు, బూట్లు చేత పట్టుకుని. ఈ పిడిని మెల్లగా తిప్పుతారు, లోపల పిల్లలు లేస్తారని."

నా గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. బూట్ల దగ్గర పట్టు తప్పింది, పిల్లల దగ్గర పూర్తిగా విరిగింది. ఆపలేదు. మిగతా నాలుగు వరసలు కూడా ఆఖరిదాకా పాడి కళ్లు తెరిచాను. లోపలి గదిలోంచి రోస్విత గుమ్మం దాకా వచ్చి పిండి చేతులతో నిలబడి ఉంది. నా వెనకాల ఎవరూ నవ్వడం లేదు.

ఆల్ముట్ పటకారు పక్కన పెట్టింది.

"'తిప్పుతారు' కాదు సార్" అంది. కళ్లు నిండిపోయి ఉన్నాయి, గొంతు మాత్రం కసురుతున్నట్టే ఉంది. "మన పిడుల్ని ఎవరైనా తిప్పుతారా? కిందికి నొక్కుతారు. ముప్పై ఒక్క ఏళ్లు అక్కడే చేశారు, ఆ మాత్రం తెలీదా?"

"తెలీదు" అన్నాను.

"మళ్లీ అనండి. 'బూట్లు చేత పట్టుకుని' దగ్గర్నుంచి" అని, నాకు శ్రుతి అందదని తెలుసు కాబట్టి తనే మొదలుపెట్టింది.