సంచి లోపల, మేం బయట

జిద్దాలో నేను పనిచేసే ఇంట్లో అందరికంటే పెద్దావిడను మేమంతా మామా కబీరా అంటాం. పెద్దమ్మ అన్నమాట. డెబ్భై దాటిన మనిషి. మోకాళ్లు పాడైపోయాయి గానీ నోరు మాత్రం చురుకు. పుట్టింది నజ్రాన్‌లో, ఖర్జూరపు తోటల మధ్య. పెళ్లయ్యాక జిద్దాకు వచ్చింది. ఆమె మందులు, స్నానం, తలకు నూనె, సాయంత్రం కాళ్లు పట్టడం, ఇవన్నీ నా పనులు. రాయచోటి నుంచి వచ్చిన కొత్తలో నాకు అరబీ రాదు, ఆమెకు అరబీ తప్ప మరోటి రాదు. ఆమె కోప్పడుతుంటే విని విని నేర్చుకున్నాను. అందుకే నాది ముసలి అరబీ అని ఇంట్లో పిల్లలు నవ్వుతారు.

ఒక వేసవిలో ఇంటిల్లిపాదీ వియన్నాకు బయలుదేరారు. ఆమె వెళ్తే నేనూ వెళ్లాలి కదా. ఇంటి డ్రైవర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. ఎయిర్‌పోర్టులో సామాన్లు దించుతూ, "అక్కా, ఆడ చాయ్ తాగాలన్నా శాన పైసలు గావాలట. నువ్వు ఇంట్లకెల్లి కదలకు, కిటికీలకెల్లి సూస్కో" అని మెల్లగా చెప్పాడు. "కిటికీ ఉంటే అదే సాల్లే తమ్ముడా" అన్నాను. నిజంగానే అంతకు మించి నేనేమీ ఆశపడలేదు.

మొదటి రోజులు అలాగే గడిచాయి. మేం దిగింది ఒక పాత భవనంలో పై అంతస్తు. కింద ట్రాము పోయినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు సన్నగా మోగేవి. కొడుకూ కోడలూ బజార్లకు వెళ్లి సంచుల నిండా తెచ్చేవాళ్లు. పెద్దావిడ వాటిని వేలితో పొడిచి చూసి, ఇవన్నీ జిద్దాలో దొరకవా అని అడిగేది.

ఒకరోజు వాళ్లంతా పిల్లలతో కలిసి ఏదో సరస్సు చూడ్డానికి కారులో బయలుదేరారు. కారు నాలుగు మలుపులు తిరిగితే పెద్దావిడకు వాంతులు. రానంది. కొడుకు ఆమె చేతిసంచిలో డబ్బు పెట్టి, ఒక తాళంచెవి తన దగ్గరుంచుకుని రెండోది బల్ల మీద పెట్టాడు. వాళ్లను సాగనంపడానికి మేమిద్దరం లిఫ్టు దాకా వచ్చాం. లిఫ్టు దిగిపోయింది. మెట్ల మీంచి గాలి కొడుతోందని ఆమె వెనక్కి చెయ్యి చాచి తలుపు లాగింది. టక్‌మంది.

ఆ ఇంటి తలుపుకు బయట పిడి లేదని నేనప్పుడే గమనించాను. గుండ్రటి ఇత్తడి బొడిపె ఉంది. ఎంత తిప్పినా తిరగదు. సంచి లోపల, తాళంచెవి లోపల, ఇద్దరి ఫోన్లూ లోపల. నా కాళ్లకు ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు. మెట్లు దూకుతూ కిందికి పరుగెత్తేసరికి కారు వెళ్లిపోయింది. ఎదురింటి తలుపు కొట్టాను, కింది ఇంటి తలుపు కొట్టాను. ఎవరూ పలకలేదు. కొడుకు నంబరు ఆమెకు నోటికి రాదు, నాకూ రాదు. ఈ రోజుల్లో ఎవరి నంబరు ఎవరికి నోటికొస్తుంది?

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆమె బొడిపెను ఒకసారి తిప్పి చూసింది. నా మొహం చూసింది, తర్వాత నా చెప్పులు చూసింది. భుజాలు కదలడం మొదలైంది. గోడకు ఆనుకుని నవ్వింది, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది.

"సాయంత్రం దాకా మనల్ని పిలిచేవాళ్లు లేరు, బింతీ," అంది. బింతీ అంటే నా బిడ్డా అని. "కుర్చీ కిందే ఉంది కదా?"

ఆమె చక్రాల కుర్చీ ఆ ఇరుకు లిఫ్టులో పట్టక కింద మెట్ల పక్కనే ఉండేది. అందులో ఆమెను కూర్చోబెట్టి వీధిలోకి తోశాను. ఎటు పోదామని అడిగితే, ట్రాము ఎటు పోతే అటు పొమ్మంది. పట్టాల వెంబడే నడిచాం. అంతవరకు కిటికీ కింద బొమ్మల్లా కనిపించిన మనుషులు మా పక్కనే నడుస్తున్నారు. కాఫీ వాసన, పూల బండ్లు, వీధి మధ్యలో ఒకాయన ఫిడేలు. ఆ ఫిడేలు దగ్గర ఆమె నన్ను చాలాసేపు కదలనివ్వలేదు.

కోటలాంటి ఒక భవనం దగ్గర జనం ఆగి ఉన్నారు. లోపల గుర్రాల ఆటకు టికెట్లు అమ్ముతున్నారు. మేం బయటే నిలబడ్డాం. ఇంతలో ఒక గేటు తెరుచుకుని తెల్లటి గుర్రాలు ఒకదాని వెనక ఒకటి రోడ్డు దాటి ఎదుటి గేటులోకి నడిచాయి. ఒకటి మాకెంత దగ్గరగా వెళ్లిందంటే దాని ఊపిరి పెద్దావిడ చేతికి తగిలింది. ఆమె చిన్నపిల్లలా చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుంది. చివరి గుర్రం రోడ్డు మధ్యలో తోక ఎత్తి పని కానిచ్చింది. ఆమె గంభీరంగా, "ఇదీ ఉచితమే," అంది. నాకు నవ్వాపుకోవడం చేతకాలేదు.

ఇంకో సందులో, రెండు భవనాలను కలిపే వంతెన మీద పెద్ద గడియారం ఉంది. సరిగ్గా మధ్యాహ్నానికి చేరాం. సంగీతం మొదలై రాజులూ రాణులూ బొమ్మలుగా ఒక్కొక్కరే గడియారం ముందు నుంచి జరిగిపోయారు. ఆమె ప్రతి రాజుకూ చెయ్యి గుండె మీద పెట్టి సలాం చెప్పింది. మా పక్కనున్న జపాను ముసలాయన అది చూసి తనూ అలాగే చెయ్యడం మొదలుపెట్టాడు.

అక్కడి నుంచి చాలా దూరం నడిచాక సంత వచ్చింది. ఒకే వరుసలో కొట్లు: ఆలివ్ కాయలు, హల్వా, ఎండు పళ్లు. మా నల్ల అబాయాలు చూసి ఒక కొట్టతను అరబీలో సలాం చెప్పాడు. సిరియా మనిషి. పెద్దావిడకు ప్రాణం లేచొచ్చింది. అతను రుచి చూడమని ఒక ఖర్జూరం ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె నమిలి, ఆలోచించి, "దీన్ని పండించినవాడికి మనమీద ఏం పగ?" అని అడిగింది. అతను పడీపడీ నవ్వి ఇంకో పెట్టె తెరిచాడు. అదీ ఆమెకు నచ్చలేదు. మూడోది ఫర్వాలేదంది. నేను మెల్లగా, మన దగ్గర ఏమీ లేదు కదా మామా, అని గుర్తుచేశాను.

"అబ్బాయ్, మేం కొనేవాళ్లం కాదు," అంది ఆమె అతనితో. "సంచి ఇంట్లో పెట్టి తలుపు మూసేసుకున్నాం."

అతను మొత్తం చెప్పించుకున్నాడు. బొడిపె దగ్గరికొచ్చేసరికి బల్ల మీద చెయ్యి వేసి కొట్టి నవ్వాడు. తర్వాత వేడివేడి ఫలాఫెల్, మన శనగ వడల్లాంటివి, రొట్టెలో చుట్టి ఇద్దరికీ ఇచ్చాడు. వద్దంటే, తల్లి చేతికి అన్నం పెట్టి లెక్క అడిగే ఇంట్లో పుట్టలేదన్నాడు. తన కోసం దువా చేస్తే చాలన్నాడు. పెద్దావిడ అక్కడికక్కడే చేతులెత్తి దువా చేసింది. అతని తల్లికి, పిల్లలకు, కొట్టుకు, చివర్లో అతనికి మంచి ఖర్జూరాలు దొరకాలని కూడా. అతను అన్నిటికీ ఆమీన్ అన్నాడు, ఆ చివరిదానికి కాస్త ఆలస్యంగా.

నీళ్లకు లోటు లేదు. ఆ ఊళ్లో వీధి కుళాయిల్లో కూడా కొండవాగు నీళ్లంత చల్లగా వస్తాయి. అక్కడే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, ఒక రాజభవనం తోటలోకి వెళ్లాం. భవనానికి టికెట్టుంది, తోటకు లేదు. వాలుగా పైకి పోయే దారి. కంకరలో నా రబ్బరు చెప్పులు జారుతుంటే రొప్పుతూ తోశాను. పైకెక్కి తిరిగి చూస్తే ఊరంతా కాళ్ల కింద. గడ్డి మీద ఆమె శాలువా పరిచి ఇద్దరం నమాజు చదువుకున్నాం. అయ్యాక, "ఇప్పుడు నువ్వు కూర్చో," అంది కుర్చీ చూపించి.

నేను ఒప్పుకోలేదు. ఆమె వినలేదు. "నాకు నడవాలనుంది. పట్టుకోడానికి ఆ పిడి కావాలి. ఖాళీ కుర్చీ తోస్తే పిచ్చిదనుకుంటారు."

కూర్చున్నాను. చదునుగా ఉన్న దారిలో ఆమె అడుగులో అడుగేస్తూ నన్ను తోసింది. ఇన్నేళ్లూ నేను తోసిన కుర్చీలోంచి లోకం ఎలా కనిపిస్తుందో అప్పుడు తెలిసింది: ఎదురొచ్చే కుక్కల మొహాలు, పిల్లల చేతుల్లో కారిపోతున్న ఐస్‌క్రీములు, పెద్దవాళ్ల బెల్టులు. ఒక జంట మమ్మల్ని చూసి ఆగిపోయింది. ఆమె వాళ్లతో అరబీలోనే, మా అమ్మాయికి ఒంట్లో బాగాలేదు అని చెప్పింది. నేను ఓణీ మొహం మీదికి లాక్కున్నాను. నవ్వుతో నా ఒళ్లు ఊగిపోతుంటే పాపం, ఏడుస్తున్నాననుకున్నారు.

దిగేటప్పుడు ఆమె కూర్చుంది, నేను వెనక. వాలులో కుర్చీ తనంతట తనే వేగం అందుకుంది. ఆపుదామనుకున్నాను. ఇంకా, ఇంకా అంటోంది ఆమె. నేను పరుగెత్తాను. ఒక చెప్పు ఎగిరిపోయింది. ఆమె రెండు చేతులూ గాల్లోకెత్తి, చిన్నప్పుడు గాడిద మీద కూర్చుని పెట్టిన కేక కాబోలు, నజ్రాన్ యాసలో ఒక కేక పెట్టింది. కింద పూలమడి దగ్గర ఆగాం. నా చెప్పును ఎవరో పాప తెచ్చిచ్చింది.

తిరిగి వస్తుంటే కూడలిలో ఆకాశానికి చిమ్మే ఫౌంటెన్ ఒకటుంది. జిద్దాలో సముద్రంలో ఇంతకంటే ఎత్తు చిమ్ముతుంది, కానీ దాన్నెప్పుడూ మేం కారు అద్దంలోంచే చూశాం. ఇక్కడ గాలి తిరిగి నీళ్లన్నీ మా మీద పడ్డాయి. కుర్చీ పక్కకు లాగబోతే ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది. కళ్లద్దాలు తీసి మొహం పైకెత్తి అలాగే కూర్చుంది. అబాయా తడిసి ముద్దయింది.

ఇంటి ముందు కొడుకు నిలబడి ఉన్నాడు, చేతిలో తల్లి సంచితో. మొహంలో రక్తం లేదు. ముందు నావైపే చూశాడు. ఆ దేశంలో ఉండనిచ్చే నా ఇకామా కార్డు రద్దు, ఊరికి టికెట్టు, అన్నీ ఆ ఒక్క చూపులో కనిపించాయి.

"దానివైపు చూడకు," అంది పెద్దావిడ. "తలుపు లాగింది నేను."

ఎవరినైనా అడిగి పోలీసులకు చెప్పించాల్సింది కదమ్మా అన్నాడతను.

"ఎందుకు? మేమేమన్నా తప్పిపోయామా?"

అతను మెట్ల మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

మర్నాడు మా ఇద్దరికీ ఊరంతా తిప్పే టూరిస్టు బస్సుకు టికెట్లు కొన్నాడు. చెవుల్లో పెట్టుకుంటే అరబీలో వివరంగా చెప్పే పరికరం కూడా ఉంది. రెండో మలుపు దగ్గరే పెద్దావిడ నా భుజం మీద నిద్రపోయింది.

ఇప్పుడు జిద్దాలో చుట్టాల ఆడవాళ్లు వస్తే అరబ్బు కాఫీ గహ్వా పోయడానికి నేను నిలబడతాను, ఆమె వియన్నా కథ చెబుతుంది. చెప్పినప్పుడల్లా గుర్రాలు పెరుగుతాయి, కొండ ఎత్తవుతుంది. మొన్న చెప్పినప్పుడైతే ఆ వాలులో కుర్చీ తోసుకుంటూ పరుగెత్తింది ఆమే, కేక పెట్టింది నేను. అవునా కాదా అన్నట్టు అందరూ నావైపు చూశారు.

"ఐవా," అని తలూపాను, చిన్న కప్పులు నింపుతూ. "నాకు చచ్చేంత భయమేసింది."