ఏమీ కనిపించకపోతే పాస్

కెమెరా లెన్సులను బిగించే రింగుల లోపలివైపు పల్చటి నల్లపూత వేసే కంపెనీలో, ఆ పూతను తనిఖీ చేసేది ఆయనే. దారితప్పి లోపలికొచ్చిన వెలుతురును పూత మింగేయాలి. అందుకే గ్లవుజులు తొడుక్కుని, టార్చి ఏటవాలుగా వేసి, మెడ పక్కకు వాల్చి, ఊపిరి బిగబట్టి చూస్తాడు. మెరిస్తే పక్కన పెడతాడు, ఏమీ కనిపించకపోతే పాస్. వేలు తగిలితే పూత పాడవుతుందని, ఎవరి చెయ్యి దగ్గరికొచ్చినా కస్సుమంటాడు. ఇంట్లోనూ అదే వరస. తోమిన మూకుట్లోకి టార్చి వేస్తుంటే, "ఏమండీ, మూకుడు పాసైందా?" అని భార్య ఆటపట్టిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు, గీత పడిన పాత రింగొకటి సొరుగులోంచి తీసి చూడటం ఆయన అలవాటు. గీత వెండిపోగులా మెరిస్తేనే తన కళ్ళ మీద నమ్మకం. ఈమధ్య అన్నీ పాసవుతుంటే, పూత బాగా కుదురుతోందని మురిసిపోయి ఆ రింగు సంగతే మరిచాడు. ఇవాళ మధ్యాహ్నం గుర్తొచ్చి తీస్తే, లోపలంతా నలుపే. టార్చి మార్చాడు. కళ్ళు నులుముకున్నాడు. "అమ్మాయ్, ఇందులో ఏమైనా మెరుస్తోందా?" అని పక్క బల్ల దగ్గరి అమ్మాయిని మామూలుగా అడిగినట్టే అడిగాడు. "అదేంటి బాబాయ్, అంత గీత తళతళలాడుతుంటే!" అని నవ్వి ఆమె తన పనిలో పడింది. ఆయనా నవ్వబోయాడు గానీ పెదవులు కదల్లేదు. మెల్లగా గ్లవుజు తీసి, రింగు లోపల వేలు తిప్పాడు. గీత గోటికి తగిలింది. ఎదురుగా, పొద్దుటినుంచి తాను పాస్ చేసిన రింగులు ట్రే నిండా నల్లగా ఉన్నాయి. ఒట్టి చేత్తోనే మొదటిదాన్ని అందుకున్నాడు.