మూఢంలో మా మేనకోడలి కన్ను

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా రెండు కళ్ళ మీద ఒట్టు. రాస్తున్నది కంటి గురించే కాబట్టి ఇది తేలిగ్గా వేసిన ఒట్టు కాదు.

బాపట్లలో చదువుకుంటున్న మా మేనకోడలికి కుడికన్ను మసకబారింది. చిన్నప్పటినుంచీ కళ్ళు నలుపుకునే అలవాటు. అద్దాలు మార్చినా లాభం లేకపోయింది. తెనాలిలో డాక్టరు గారు పరీక్ష చేసి, నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర పల్చబడి ముందుకు పొడుచుకొస్తోందన్నారు.

"ఆపరేషనాండి?" అంది మా అక్క.

"ప్రస్తుతానికి చిన్నదేనమ్మా. పైపైన గీకి, విటమిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతి పెడతాం. పొర గట్టిపడుతుంది. చూపు పెద్దగా పెరగదు, జబ్బు ఆగుతుంది. వంపు తగ్గాలంటే లోపల సన్నటి రింగు ముక్కలు పెట్టొచ్చు. ముదిరి మచ్చ పడితే మాత్రం, చనిపోయినవాళ్ళు దానమిచ్చిన పొర వేసి కుట్టాలి. అది ఒంటికి పడకపోతే మళ్ళీ మొదటికి. ఆలస్యం చేస్తే కాంతి పెట్టడానికి మందం చాలదు."

అంగలకుదురులో మా అమ్మ అడ్డం తిరిగింది. "మూఢంరా. వెళ్ళాక చూద్దాం. కన్ను ఎక్కడికి పోతుంది?" మూఢంలో మా ఇంట్లో కొత్త చెప్పులు కూడా కొనరు. అమ్మ మాట అక్క దాటదు.

నేను రేపల్లె రైలెక్కాను. అక్కడ తొంభై దాటిన సిద్ధాంతి గారు, కళ్ళజోడు లేకుండా పంచాంగం చదువుతున్నారు.

"మూఢంలో కొత్తింటికి పునాది వెయ్యకూడదు నాయనా. కారే కప్పుకి పెంకు సర్దుకోవద్దని ఎవరన్నారు? ఇది ఉన్న పొరని నిలబెట్టుకోవడమేగా. కొత్త పొర వేయించే రోజొస్తే రా, ముహూర్తం పెడతాను."

ఆ మాటలే అమ్మకు చెప్పాను.

"కాఫీ ఇచ్చారా?"

"మజ్జిగ ఇచ్చారమ్మా."

"అయితే పెద్దాయనే. తీసుకెళ్ళండి."

ఆ వారమే కాంతి పెట్టారు. తర్వాత కొన్నాళ్ళు కన్ను ఒకటే మంట, నీళ్ళు. పిల్ల నలుపుకోకుండా అమ్మే చేతులు పట్టుకుని కూర్చుంది. మొన్నటి పరీక్షలో పొర ఇంకేమీ పల్చబడలేదన్నారు. లెన్సు పెట్టుకుంటే బోర్డు కనిపిస్తోందట.

ఇక ఆ ఒట్టు సంగతి. సిద్ధాంతి గారిని నేనే పుట్టించాను. రేపల్లె వెళ్ళింది నిజం, స్టేషన్లో బెంచీ దాటలేదు. మజ్జిగ ప్లాట్‌ఫాం మీద కొనుక్కున్నదే. కన్ను నిలబడిందని, ఆయనకిచ్చి రమ్మని అమ్మ మొన్న కొల్లూరు నుంచి అరటిగెల తెప్పించింది. అది బాపట్ల చేరింది. నేనూ మేనకోడలూ ఇంకా తింటూనే ఉన్నాం.