సేఫ్టీ సార్ బూట్లు

దోహాలో మా సైట్ సేఫ్టీ సార్ ఇంగ్లండ్ మనిషి. ఎప్పుడో వాళ్ళ సైన్యంలో పనిచేశాడు. పొద్దున్నే మేం బస్సు దిగగానే వరసలో నిలబెట్టి, బూటు మడమ నేలకేసి టక్కున కొట్టి, "సోల్జర్‌కు ముందు కాళ్ళు, తర్వాతే తుపాకి" అనేవాడు. అది తెలుగులో చెప్పడం నా డ్యూటీ.

ఆ తర్వాత రోజూ ఒకటే కథ. సైన్యంలో చేరేటప్పుడు డాక్టర్ ఆయన్ను ఉత్తకాళ్ళతో నిలబెట్టి పాదాలు పరీక్షించాడట. క్యాంప్‌లో బూట్లు తొడిగి నడిపించారట. వేలు నొక్కుతోందంటే వెంటనే వేరే జత ఇచ్చారట. చెబుతుంటే ఆయన కళ్ళు మెరిసేవి. నాకు ఒళ్ళు మండేది. మాకు షూ ఇప్పించేది కూడా ఆయనే. స్టోర్‌లో ఏ సైజు ఉంటే అది మా కాలికి.

ఓ రోజు కథ సగంలో ఉండగా, నా రూములో ఉండే జగిత్యాల కాకా షూ విప్పాడు. బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోతోంది. సాక్సు నిండా నెత్తురు.

"సారు కాళ్ళు కొలిశిండ్రట గదా. మాయి గూడ కాళ్ళే అని జెప్పు బిడ్డా," అన్నాడు.

ఒక్క మాట కూడా మెత్తబరచకుండా చెప్పాను. సార్ ఆ వేలి వైపు చాలాసేపు చూశాడు. చూసి, "సైట్‌లో షూ విప్పితే వార్నింగ్ ఇస్తాను," అన్నాడు.

"ఏమంటుండు బిడ్డా?" కాకా ఆశగా అడిగాడు.

"తొడుక్కోమంటుండు."

సార్ మడమ టక్కుమంది. కథలో మిగిలిన సగం మొదలైంది. దాన్ని నేను తెలుగులో చెప్పలేదు.